అమెరికన్ ఆంగ్ల మాండలికాలు - ఉచ్చారణను బట్టి ప్రాంత నిర్ణయం

మాటతీరును బట్టి మనిషి ప్రాంతాన్ని ఊహించటం లోకంలో అందరూ చేసే పనే. ఆ ఊహ శాస్త్రనిర్ణయం కావాలంటే మాత్రం చెవికి తోచిన పోలిక చాలదు. ఏ లక్షణం ప్రాంతాన్ని నిశ్చయంగా తెలుపుతుందో, ఏది తెలుపదో వివేచించాలి. అమెరికా సంయుక్త రాష్ట్రాల ఆంగ్లం ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలించటం ఈ వ్యాసోద్దేశం.

అమెరికాలో మాండలిక పటాల కోసం క్షేత్రపరిశోధన హాన్స్ కురాత్ నాయకత్వంలో 1931లో న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో ఆరంభమయింది. 1949లో వెలువడిన గ్రంథంలో ఆయన తూర్పు రాష్ట్రాలను పదప్రయోగాన్ని బట్టి ఉత్తర, మధ్య, దక్షిణ మండలాలుగా విభజించారు. తెలుగులో భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వెలువరించిన వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం కూడా పదవ్యాప్తిని ఆధారం చేసుకొన్నదే. అయితే పదం సులభంగా వలసపోతుంది. బాల్యంలో అలవడిన వర్ణవ్యవస్థ అంత సులభంగా మారదు.

ఉచ్చారణ లక్షణాలలో సామాన్యులు మొదట గుర్తించేది రేఫలోపం. బోస్టన్, న్యూయార్క్ నగరాల సంప్రదాయ ఉచ్చారణలో 'కార్' అన్నది 'కా' అవుతుంది. కాని ఈ ఒక్క లక్షణంతో ప్రాంతాన్ని నిర్ణయించటం క్షేమం కాదు. విలియం లబోవ్ (1927-2024) 1962లో న్యూయార్క్‌లోని మూడు పెద్ద దుకాణాల ఉద్యోగులచేత 'ఫోర్త్ ఫ్లోర్' అనిపించి పరిశీలించారు. సంపన్నులు వచ్చే దుకాణంలో రేఫ ఎక్కువగా, చౌక దుకాణంలో తక్కువగా వినిపించింది. మళ్ళీ అడిగినప్పుడు, అంటే శ్రద్ధగా పలికినప్పుడు, రేఫ పెరిగింది. కనుక రేఫ ప్రాంతాన్నే కాక వక్త అంతస్తును, సందర్భాన్ని కూడా సూచిస్తుంది.

ఇంతకంటె దృఢమైన ఆధారం వర్ణాల ఏకీభావం. దక్షిణ రాష్ట్రాలలో అనునాసికానికి ముందు ఇకార ఎకారాలు ఏకమై 'పిన్', 'పెన్' ఒకే విధంగా వినిపిస్తాయి. అట్లే చిన్న మంచాన్ని తెలిపే 'కాట్' అన్న పదం, 'పట్టుకొన్న' అనే అర్థమిచ్చే 'కాట్' అన్న పదం తెలుగు లిపిలో ఒకటిగానే కనిపించినా వాటి అచ్చులు మొదట భిన్నమైనవి. న్యూయార్క్‌లో ఆ భేదం నిలిచింది. తూర్పు న్యూ ఇంగ్లండ్‌లోను, పశ్చిమ రాష్ట్రాలలో చాలాచోట్ల అది నశించింది.

ఈ స్థితి తెలుగు పండితులకు కొత్తది కాదు. శకటరేఫ, సాధురేఫలు ప్రాచీనాంధ్రంలో భిన్నవర్ణాలు. వ్యవహారంలో అవి ఏకమైన తరువాత ప్రాసలో భేదం పాటించదలచిన కవి తన చెవిని కాక లాక్షణికుల పట్టికలను ఆశ్రయించవలసివచ్చింది. ఏకమైన వర్ణాలను వక్త తనంతట విడదీయలేడు. ఇతరుల పలుకులోని భేదాన్ని కూడా సాధారణంగా గుర్తించలేడు.

ఈ సూత్రం ఒక మనిషి స్వేచ్ఛకు ఆధారమైన సందర్భం ఉంది. 1984లో లాస్ ఏంజెలిస్ విమానాశ్రయంలో ఒక విమానసంస్థకు ఫోనులో బాంబు బెదిరింపులు వచ్చాయి. ఆ గొంతు తూర్పు తీరపుదిగా తోచటంతో, సంస్థ ఉద్యోగి అయిన ఒక న్యూయార్క్ వాసిపై అభియోగం మోపారు. పై అచ్చుల భేదం అనేకుల పలుకులోనే లేని కాలిఫోర్నియాలో, బోస్టన్ పలుకు, న్యూయార్క్ పలుకు ఒకటిగా వినిపించటంలో వింత లేదు. లబోవ్ న్యాయస్థానంలో ధ్వనిముద్రికలను విశ్లేషించారు. బెదిరించినవాని పలుకులో 'బాంబ్', 'ఆఫ్' పదాల అచ్చులు ఒకటే; అది తూర్పు న్యూ ఇంగ్లండ్ లక్షణం. నిందితుని పలుకులో ఆ రెండు వర్ణాలు వేర్వేరు. తనకు లేని వర్ణవ్యవస్థను పొరపాటు లేకుండా అనుకరించటం దుస్సాధ్యం. న్యాయమూర్తి నిందితుని నిర్దోషిగా విడుదల చేశారు.

2006లో లబోవ్, షారన్ యాష్, చార్లెస్ బోబెర్గ్ ప్రకటించిన ఉత్తర అమెరికా ఆంగ్ల పటసంపుటి కూడా ప్రధానంగా అచ్చుల వ్యవస్థను బట్టే మాండలిక సీమలను గుర్తించింది. దీనిని బట్టి ప్రాంత నిర్ణయంలో పరిశోధకుడు మొదట అడగవలసినది పలుకు ఎట్లా వినిపిస్తున్నదని కాదు, వక్త ఏ వర్ణాలను వేరుగా నిలుపుకొన్నాడని, వేటిని ఏకం చేశాడని స్పష్టమవుతున్నది. ఆ ప్రశ్నకు ముందు తన చెవికి ఏ భేదాలు వినిపించవో కూడా అతడు తెలుసుకొని ఉండాలి.