కుందూ వరద – పల్లె జ్ఞాపకాలు

మంచు తుఫాను మన సీమ విద్యార్థులకు పుస్తకంలో చదివే మాటే. నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో పెద్దలు గడచిన కాలాన్ని కొలిచేది ఏటితో. "కుందూ ఊళ్లోకి వచ్చిన ఏడే మా పెద్దోని పెండ్లి" అంటారు. తేదీ అడిగితే చెప్పలేరు.

ఈ లోయకు తూర్పున నల్లమల, పడమట ఎర్రమల. ఎర్రమలలో ఓర్వకల్లు ప్రాంతాన పుట్టిన కుందూనది ఈ రెండు కొండల వరుసల నడుమ దక్షిణంగా ప్రవహించి, కడప జిల్లాలో కమలాపురం చేరువ పెన్నలో కలుస్తుంది. వాలు తక్కువ కనుక దాని నడక నెమ్మది. నల్లమల నుండి దిగే వాగులు అట్లా కావు. కొండమీది వాన కొద్ది గంటల్లోనే పల్లానికి చేరుతుంది. అప్పటికే నిండిన కుందూ దానిని ఇముడ్చుకోలేదు. ఎదురునిలిచిన నీరు చేలమీదికి, వీధుల్లోకి మళ్లుతుంది. నంద్యాలలో మద్దిలేరు, చామకాల్వ తీరవాసులకు ఈ సంగతి ఎవరూ బోధించనక్కరలేదు.

2009 అక్టోబరు 2న కర్నూలును ముంచిన తుంగభద్ర, హంద్రీల వరదను లోకమంతా ఎరుగును. 2019 సెప్టెంబరులో నంద్యాల సీమకు వచ్చినది అటువంటి దూరపు నీరు కాదు. మన కొండలమీదా, మన చేలమీదా కురిసిన వానే. మహానంది క్షేత్రం జలమయమైంది. అడుగున పడిన నాణెం సైతం కనబడే ఆ కోనేటి నీరు వరదలో కలిసిపోయింది.

ఆ తరువాత ఒకనాడు, ఇంటి పెద్దల నోట విన్న వరదను రాసుకొని రమ్మని తరగతిలో చెప్పాను. ఆళ్లగడ్డ దాపున గల పల్లె నుండి వచ్చే విద్యార్థిని తన అవ్వ మాటలు రాసింది. అవ్వ కాపురానికి వచ్చిన కొత్తలో మూడు దినాలు ముసురు విడవలేదట. మట్టిమిద్దెమీది చౌడు నాని ఇల్లంతా ఉరిసింది. సీమలో వాన నాడు నీటికన్నా మిద్దెకే ఎక్కువ భయపడతారు. అర్ధరాత్రి దూలం విరుగుతున్న చప్పుడు విని, చంటిబిడ్డను చంకనెత్తుకొని, విత్తనపు జొన్నల మూట నెత్తిన పెట్టుకొని ఆమె వానలోకి వచ్చేసింది. వెనుక మిద్దె కూలింది. "మమ్మల్ని తరిమింది ఏరు కాదు పాపా, ఇల్లే" అన్నదట.

నీరెంత వచ్చిందని మనుమరాలు అడిగితే, "దీపపుగూటి దాకా" అని జవాబు. అధికారుల లెక్క క్యూసెక్కుల్లో ఉంటుంది. అవ్వ లెక్క గోడమీద ఉంది. నా మటుకు రెండూ లెక్కలే.

ఇప్పటి సిమెంటు ఇంటి గోడకు గూడు లేదు. అందుచేత 2019లో నీరు వచ్చిన మేరకు ఆమె బొగ్గుతో గీత గీసింది. సున్నం వేయించినప్పుడల్లా ఆ జానెడు చోటు వదిలి వేయమంటుందట.