పద్యనాటక నటుడి ట్రంకుపెట్టెను ఆన్‌లైన్‌లో భద్రపరచడం ఎలా?

పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు లాంటి మహానటుల పద్యాలు ఇవాళ వెదికితే వినడానికి దొరుకుతాయి. జిల్లా దాటి పేరు పోని కృష్ణుళ్లు, హరిశ్చంద్రుళ్ల సంగతే వేరు. రాత్రంతా ఊళ్లను మేలుకొని ఉండేలా చేసిన అలాంటి నటుడు కన్నుమూశాక అటక మీద మిగిలేది ఒక పెట్టె. అందులో కాసిని క్యాసెట్లు, కరపత్రాలు, మేకప్‌లో దిగిన ఫొటోలు, సన్మానపత్రాలు, పద్యాలు రాసుకున్న నోటుబుక్కు ఉంటాయి. ఇంటికి సున్నాలు వేసే రోజు వచ్చిందంటే అదీ పాత సామాన్ల బండెక్కుతుంది. మీ నాన్నగారిదో, తాతగారిదో అలాంటి పెట్టె మీ దగ్గరుంటే ఈ పని మొదలుపెట్టండి. స్మార్ట్‌ఫోన్ వాడటం వస్తే చాలావరకు మీరే చేసుకోగలరు.

1. ముందు మనుషులు, తర్వాతే కాగితాలు

చాలామంది స్కానర్ కొనడంతో మొదలుపెడతారు. కాగితం ఇంకో ఏడాది ఆగుతుంది గానీ, ఎనభై దాటిన హార్మోనిస్టు ఆగకపోవచ్చు. కిరీటం, నెమలిపింఛం, ముఖం నిండా నీలం రంగు ఉన్న కృష్ణుణ్ణి కన్నకొడుకే గుర్తుపట్టలేడు. పక్కన అర్జునుడెవరో, వెనక సగం కనిపిస్తున్న ధర్మరాజు ఎవరో కలిసి ఆడినవాళ్లకే తెలుసు.

అందుకని ఫొటోల వెనక నంబర్లు వేసి (ఎలాగో కింద ఉంది), అవి పట్టుకుని వాళ్ల ఇంటికే వెళ్లండి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, ప్రతి ఫొటోకీ ముందు దాని నంబరు పైకి చదివి, తర్వాత అడగండి. ఏ నాటకం? ఏ ఊరు? ఎవరెవరు? ఆడించిన కాంట్రాక్టరెవరు? సంవత్సరం గుర్తురాకపోతే, “దివిసీమ ఉప్పెనకు ముందా, తర్వాతా?” అనండి. ఆ ఉప్పెన 1977 నవంబరులో వచ్చింది కాబట్టి మీకు ఒక హద్దు దొరుకుతుంది. మధ్యలో ఆ పెద్దాయన పద్యం ఎత్తుకుంటే మాత్రం ఆపకండి, పాడనివ్వండి.

2. ఫొటోలు, కరపత్రాలు

ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో మూలన నంబరు వేయండి. పెన్ను వాడితే సిరా ముందువైపుకు దిగుతుంది. ఫొటోలకు 600 డీపీఐ, మామూలు కాగితాలకు 300 డీపీఐ సరిపోతుంది. అసలు కాపీని టిఫ్ రూపంలో దాచి, పంచుకోవడానికి జేపెగ్ చేసుకోండి. వెనకవైపు కూడా స్కాన్ చేయాలి. స్టూడియో ముద్ర, ఎవరో రాసిన తేదీ అక్కడే ఉంటాయి. ఆల్బమ్‌కు అంటుకుపోయిన ఫొటోను పీకకుండా పేజీ మొత్తాన్నీ స్కాన్ చేయండి. చిరిగిన కాగితానికి సెల్లోటేపు వేయొద్దు, లామినేషన్ అసలే వద్దు. స్కానర్ లేకపోతే కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడని వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో తీయొచ్చు. ఆ ఫొటోను వాట్సాప్‌లో డాక్యుమెంటుగానే పంపండి. మామూలుగా పంపితే నాణ్యత పోతుంది.

కరపత్రాన్ని మాత్రం తీరిగ్గా చదవండి. పెద్దక్షరాల్లో నాటకం పేరుంటుంది గానీ, అసలు సమాచారమంతా కింద చిన్నక్షరాల్లో ఉంటుంది: హార్మోనియం ఎవరు, నేల టిక్కెట్టు ఎంత, కుర్చీ ఎంత, ఏ ప్రెస్సులో అచ్చయింది. చాలా కరపత్రాల మీద సంవత్సరం ఉండదు, తేదీ, వారం ఉంటాయి. ఫలానా నెల 14వ తేదీ శనివారం ఏయే సంవత్సరాల్లో వచ్చిందో క్యాలెండర్‌లో చూసి, పెద్దలు చెప్పిన కాలంతో కలిపి చూస్తే, తరచుగా ఒకటి రెండు సంవత్సరాలే మిగులుతాయి.

3. క్యాసెట్లు

క్యాసెట్ పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కల్ని ముందు విరిచేయండి. ఇక పొరపాటున దాని మీద వేరే రికార్డింగ్ ఎక్కే ప్రమాదం ఉండదు. రీలు మీద తెల్లటి బూజు కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టకుండా ఆ పని తెలిసినవాళ్లకు ఇవ్వండి. బాగున్నదాన్ని ఒకసారి ముందుకూ వెనక్కూ పూర్తిగా తిప్పి, ప్లేయర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆ తర్వాత వేయండి. ప్లేయర్‌ను వైరుతో కంప్యూటర్‌కు కలిపి, ఉచితంగా దొరికే ఆడాసిటీలో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా రికార్డు చేయండి. గంటకు దాదాపు ఒక జీబీ అవుతుంది. రెండు వైపులా చివరిదాకా వినాలి.

గొంతు బాగా వినిపించాలని చప్పుడంతా తీసేయాలనిపిస్తుంది. అసలు ఫైలు జోలికి మాత్రం వెళ్లకండి, కావాలంటే కాపీని శుభ్రం చేసుకోండి. పద్యం అయ్యీ కాకముందే జనం వేసే వన్స్‌మోర్ కేక, నటుడు మళ్లీ అందుకునేలోపు హార్మోనియం పట్టి ఉంచే శ్రుతి, ఇవి ఆ నాటకంలో భాగమే.

4. డీటీపీ ఫైళ్లు

సన్మాన సంచికో, జీవితచరిత్రో అచ్చయి ఉంటే దాన్ని కంపోజ్ చేసినవారి దగ్గర ఫైలు ఉందేమో అడగండి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినదైతే మీ కంప్యూటర్‌లో పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది. వాళ్ల దగ్గరే పీడీఎఫ్ చేయించుకుని, పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్పించండి. మారాక ఒత్తుల్ని సరిచూసుకోవాలి.

5. పట్టిక

ఎక్సెల్‌లో నంబరు, తేదీ, నాటకం, ఊరు, వ్యక్తులు, గుర్తుపట్టినవారు అని గడులు పెట్టండి. ఆ చివరి గడిని వదలొద్దు, రేపు ఎవరైనా కాదంటే ఎవరి మాటో తెలియాలి. నటుడి పేరు తెలుగులోనూ ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రాస్తే వెదికేవాళ్లకు దొరుకుతుంది.

6. హక్కులు

మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదటినుంచి 60 ఏళ్లు రచన మీద హక్కులుంటాయి. ఇద్దరు రాసినదైతే చివరగా పోయినవారి నుంచి లెక్క. తిరుపతి వేంకట కవులలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1950లో కాలం చేశారు కాబట్టి ‘పాండవోద్యోగ విజయాలు’ మీద 2010తో హక్కులు తీరిపోయాయి. ఆ పద్యాలు పాడిన రికార్డింగు సంగతి వేరు. అందులో నటుడికి, రికార్డు చేసినవారికి విడివిడిగా హక్కులుంటాయి. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారిదే. వారసులందరి సమ్మతీ కాగితం మీద తీసుకోండి. అప్పుల లెక్కలు, ఇంటి గొడవల ఉత్తరాలు పెట్టెలోనే ఉండనివ్వండి.

7. ఎక్కడ పెట్టాలి?

ఆడియోకూ స్కాన్లకూ ఇంటర్నెట్ ఆర్కైవ్ మేలు. వికీమీడియా కామన్స్‌లో పెడితే తెలుగు వికీపీడియా వ్యాసాల్లో వాడుకోవచ్చు. కానీ అక్కడ ఎవరైనా వాడుకోవచ్చని స్వేచ్ఛా లైసెన్స్ ఇవ్వాలి, ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు. యూట్యూబ్ జనానికి వినిపించడానికి బాగుంటుంది గానీ, దాన్నే బీరువా అనుకోవద్దు. 2009లో యాహూ జియోసిటీస్ మూతపడ్డప్పుడు లక్షల సొంత పేజీలు పోయాయి. రెండేళ్లు వాడని గూగుల్ ఖాతాను ఆ సంస్థ తొలగించవచ్చు. కాబట్టి మూడు కాపీలు ఉంచండి. ఆన్‌లైన్‌లో ఒకటి, ఇంట్లో హార్డ్‌డిస్కులో ఒకటి, వేరే ఊళ్లో చెల్లెలి ఇంట్లో ఇంకొకటి. పాస్‌వర్డులు ఇద్దరికి తెలియాలి.

అన్నీ ఎక్కాక లింకును ఆయనతో ఆడిన నటుల కుటుంబాలకు పంపండి. వాళ్ల పెట్టెల్లోని ఫొటోల్లోనూ మీ నాన్నగారు ఉంటారు. అవి వచ్చాక మీ పట్టికలోనే తర్వాతి నంబర్లు ఇవ్వండి.