మందు కంటే ముందు నీళ్లు

అల్లుడూ,

తొట్టిలో చేప తోక అంచు తెల్లబడి చీలికలవుతోంది, ఏ యాంటీబయాటిక్ వెయ్యాలి అని రాశావు. అడగాల్సిన ప్రశ్నే, కానీ అది రెండోది. మొదట అడగాల్సింది, నీళ్లలో ఏం మారిందని. ఈ వరస ఎందుకు తప్పకూడదో కారణాలతో సహా చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం. మందుల పేర్లు ఎన్ని నేర్చినా, జబ్బు ఎక్కడ మొదలైందో వెతకడం రానివాడికి చేపల వైద్యం పట్టుబడదు.

తోక కుళ్లు, ఒంటిమీద ఎర్రటి పుండ్లు, పొట్ట ఉబ్బి పొలుసులు లేచి నిలబడటం, నోటి చుట్టూ దూదిలాంటి పొర: తొట్టెల్లో తరచుగా కనిపించే బ్యాక్టీరియా జబ్బులు ఇవే. వీటి వెనక ఎక్కువగా ఉండేవి ఏరోమోనాస్, సూడోమోనాస్, ఫ్లేవోబ్యాక్టీరియం కాలమ్నేర్. ఇవి బయటి నుంచి దండెత్తి వచ్చే శత్రువులేం కావు. ఏరోమోనాస్ మామూలు మంచినీళ్లలో ఎప్పుడూ ఉంటుంది, ఆరోగ్యంగా తిరిగే చేప ఒంటిమీదా ఉంటుంది. చేప చర్మం మీది జిగురు పొర, మొప్పలు, రక్తంలోని రక్షణ శక్తి దాన్ని హద్దులో పెడతాయి. 1974లో స్నీస్కో అనే చేపవ్యాధుల శాస్త్రవేత్త దీన్నే మూడు వలయాల బొమ్మగా చెప్పాడు: చేప, సూక్ష్మజీవి, పరిసరం. మూడూ ఒకదాని మీదికి ఒకటి వచ్చిన చోటే జబ్బు. సూక్ష్మజీవిని తొట్టిలోంచి పూర్తిగా తరిమెయ్యలేవు. చేప శక్తిని రాత్రికి రాత్రి పెంచలేవు. ఈ పూటే నీ చేతిలో ఉన్నది నీళ్లొక్కటే.

ఆ నీళ్లు ఉత్తరాదిలోని మీ ఇందిరాపురంలో ఏడాదంతా ఒకేలా ఉండవు. ప్రతాప్ విహార్ ప్లాంటు నుంచి వచ్చే గంగాజలానికి ఆధారం ఎగువ గంగా కాలువ. పూడిక తీయడానికి ఏటా దసరా, దీపావళి మధ్య ఆ కాలువ కట్టేస్తారు, అప్పుడు కాలనీలకు బోరు నీళ్లే దిక్కు. సొసైటీ ట్యాంకులో రెండూ కలిసిపోతాయి. కుళాయి తిప్పితే రంగులోనూ వాసనలోనూ తేడా తెలియదు, చేపకు మాత్రం తెలుస్తుంది. గంగ నీళ్ల నుంచి బోరు నీళ్లకు మారినప్పుడు కాఠిన్యంతో పాటు పీహెచ్ కూడా మారితే ఏమవుతుందో అమోనియా లెక్కలో చూడు. 25 డిగ్రీల నీళ్లలో, పీహెచ్ 7 దగ్గర మొత్తం అమోనియాలో విషరూపంలో ఉండేది సుమారు అర శాతం. పీహెచ్ 8కి పోతే అదే అమోనియాలో సుమారు ఐదు శాతం విషమవుతుంది. నువ్వు మేత ఎక్కువ వెయ్యలేదు, కొత్త చేపను దింపలేదు, అయినా విషం దాదాపు పదింతలైంది. దాంతో మొప్పలు దెబ్బతింటాయి, జిగురు పొర చెదురుతుంది, అంతదాకా ఊరకే ఉన్న ఏరోమోనాస్‌కు దారి దొరుకుతుంది. మీ ఇళ్లలో చాలామంది దగ్గర ఉండే టీడీఎస్ మీటరు ఈ సంగతి చెప్పలేదు. అది నీళ్లలో కరిగిన లవణాల లెక్క మాత్రమే ఇస్తుంది. నీకు కావలసింది అమోనియా, నైట్రైటు, పీహెచ్ చూసే కిట్టు. అక్కడి చలినీ లెక్కలో ఉంచుకో: జనవరి రాత్రుల్లో కరెంటు పోయి హీటరు ఆగితే చేప రక్షణ శక్తి సన్నగిల్లుతుంది.

కొత్త చేప విషయంలోనూ కథ ఇదే. కొలత్తూరు నుంచో కోల్‌కతా నుంచో ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచిలో గంటల తరబడి ప్రయాణం చేసి వస్తుంది. ఆ సంచిలో చేప వదిలిన అమోనియా పేరుకుంటుంది, కార్బన్ డయాక్సైడు కూడా పేరుకుని పీహెచ్ తగ్గుతుంది, అందువల్ల అమోనియా అంతగా బాధించదు. మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడు ఎగిరిపోయి పీహెచ్ లేస్తుంది, అదే అమోనియా విషంగా మారుతుంది. కనుక సంచిని మూతి విప్పకుండా పావుగంట నీళ్ల మీద తేలనివ్వు, విప్పాక ఆలస్యం చెయ్యకుండా చేపను వలతో తీసి, సంచి నీళ్లు పారబొయ్యి. ఆ చేపను నేరుగా పాత చేపల మధ్య దింపకు. స్పాంజి ఫిల్టరున్న వేరే తొట్టిలో మూడు నాలుగు వారాలు ఉంచి చూడు. చాలా జబ్బులు ఈ గుమ్మం దగ్గరే ఆగుతాయి.

చేప కళ్లముందు చచ్చిపోతుంటే నీళ్లు పరీక్షిస్తూ కూర్చోమంటావా అని నువ్వు అడగొచ్చు. కాలమ్నేర్ ముదిరితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది, కాదనను. కానీ పరీక్షకు పట్టేది పది నిమిషాలు. పాత నీళ్లలో మూడోవంతు తీసి, యాంటీ క్లోరిన్ వేసిన నీళ్లు అదే వేడిమిలో పోస్తే వైద్యం అప్పుడే మొదలైనట్టు. నైట్రైటు కనిపిస్తే లీటరుకు ఒక గ్రాము రాళ్ల ఉప్పు కరిగించు, ఉప్పులోని క్లోరైడు మొప్పల దగ్గర నైట్రైటును అడ్డుకుంటుంది. తొందరపడి మందేస్తే ఎక్కడ తప్పుతావో కూడా చెబుతాను. కాలమ్నేర్ దూదిలా కనిపిస్తే చాలామంది బూజనుకుని నీలం మందు పోస్తారు. తెల్ల చుక్కల జబ్బు పరాన్నజీవి పని, దానికి నీళ్ల వేడి పెంచుతాం. అదే వేడి కాలమ్నేర్‌కు బలం. చూపుకు దగ్గరగా ఉన్న రెండు జబ్బులకు వైద్యం ఎదురెదురుగా ఉన్నప్పుడు, పది నిమిషాల ఓపిక చేప ప్రాణం నిలబెడుతుంది.

యాంటీబయాటిక్ అసలు వద్దని నా వాదన కాదు. పుండు లోతుకు పోతున్నప్పుడు, నీళ్లు సరిచేశాక కూడా కుళ్లు పాకుతున్నప్పుడు అది వెయ్యాల్సిందే. అయితే చేపల జబ్బులు తెలిసిన పశువైద్యుడిని అడిగి, వేరే తొట్టిలో, చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులూ వెయ్యాలి. పెద్ద తొట్టిలో పోస్తే ఫిల్టరులో అమోనియాను హరించే మంచి బ్యాక్టీరియా దెబ్బతినవచ్చు, జబ్బుకు మూలమైన విషం మళ్లీ పెరుగుతుంది. అక్కడి కఠినమైన బోరు నీళ్లలో ఇంకో చిక్కుంది: ఆక్సీటెట్రాసైక్లిన్ కాల్షియం, మెగ్నీషియంలతో ముడిపడి చాలావరకు పనికిరాకుండా పోతుంది. చేప తింటున్నంతవరకూ మందు మేతలో కలిపి ఇవ్వడమే మేలు. పొలుసులు లేచి నిలబడిన చేప బతకడం మాత్రం అరుదు, ఆశ పెట్టి మోసం చెయ్యలేను.

ఫలానావాళ్లు క్యాప్సూలు విప్పి పోస్తే తగ్గిందిగా అంటావేమో. ఆ రోజే నీళ్లూ మార్చి ఉంటే, తగ్గించింది ఏదో ఎలా తేలుతుంది? అరకొర మోతాదు మందు సూక్ష్మజీవిని చంపకుండా దానికి తట్టుకోవడం నేర్పుతుందని పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లోనే నోబెల్ ప్రసంగంలో హెచ్చరించాడు. ఏరోమోనాస్ ఆ తట్టుకునే గుణాన్ని ఇతర బ్యాక్టీరియాకు పంచగలదు, నీ తొట్టి నీళ్లు చేరేది ఊరి కాలువలోకే. మందు ఇష్టమొచ్చినట్టు వాడితే ఏమవుతుందో మన కోస్తా జిల్లాల రొయ్య రైతులకు ఖరీదుగా తెలిసింది. 2000 దశకం మొదట్లో మన దేశపు రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు దొరికాయని యూరప్ అభ్యంతరం చెబితే, నష్టం చెరువు గట్టు దాకా వచ్చింది. నీ చెయ్యీ జాగ్రత్త. ఆరన్సన్ 1926లో ఫిలడెల్ఫియా అక్వేరియం చేపల్లో గుర్తించిన మైకోబ్యాక్టీరియం మెరైనం, మనిషి చేతి గాయంలోంచి దిగి మానని పుండ్లు పెడుతుంది. గాయముంటే గ్లోవు లేకుండా చెయ్యి పెట్టకు, గొట్టాన్ని నోటితో పీల్చకు.

అద్దంలాంటి నీళ్లున్నా చేపలు పోతాయి కదా అన్నది మిగిలిన అభ్యంతరం. పోతాయి. నీళ్లు బాగుంటే జబ్బే రాదని నేననను, వచ్చే అవకాశం తగ్గుతుంది, వచ్చినా మందు పనిచేస్తుంది అంటాను. పైగా అద్దంలా కనబడటం వేరు, బాగుండటం వేరు. శుభ్రం పేరుతో స్పాంజిని కుళాయి కింద రుద్ది కడిగితే అందులోని మంచి బ్యాక్టీరియా క్లోరిన్‌కు పోతుంది, మెరిసే నీళ్లలోనే అమోనియా లేస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే స్పాంజి పిండు. ఇరవై రూపాయల చేపకు ఇంత తంటా ఎందుకని ఎవరన్నా అంటే పట్టించుకోకు. మనం కట్టిన నాలుగు గాజు గోడల మధ్య ఉన్న ప్రాణి నీళ్లు బాగాలేవని ఇంకో చోటికి పోలేదు, దాని పూచీ మనదే.

ఇక ఇవాళ చెయ్యాల్సింది: ముందు అమోనియా, నైట్రైటు, పీహెచ్, వేడిమి చూసి తారీఖు వేసి పుస్తకంలో రాయి. మూడోవంతు నీళ్లు మార్చు, ఒక పూట మేత మాను, జబ్బు చేపను వేరు చెయ్యి. రెండు రోజులు ఇదే పద్ధతిలో చూసి, ఆ అంకెలతో పాటు తోక కుళ్లు ఎంతవరకు తగ్గిందో నాకు రాయి. ఈలోగా పుండు పడినా, కుళ్లు పైకి పాకినా రెండు రోజులు ఆగకు, ఆ పూటే వైద్యుడికి చూపించు. యాంటీబయాటిక్ మాట అప్పుడు మాట్లాడదాం. నీ చేతిలో అంకెలుంటే ఆ మాటకు అర్థముంటుంది.

మీ మావయ్య