మిల్లు ఎవరిది, షేరు ఎవరిది?

చంద్రపూర్, బల్లార్‌పూర్‌లలో మన తెలుగు ఇళ్ల పిల్లలు బీకామ్ అయిపోగానే షేర్ మార్కెట్ వైపు చూస్తున్నారు. మంచిదే. కానీ నేను చెప్పబోయేది కొనడం, అమ్మడం గురించి కాదు. కంపెనీలను చదివి, వాటి గురించి రాసి, ఆ రాతతోనే బతికే ఉద్యోగం గురించి. ఈక్విటీ రీసెర్చ్ అంటారు దాన్ని. ఈ పని నేర్చుకోవడానికి ముంబయిలో పుట్టి ఉండాలన్న భయం చాలామందికి ఉంది. నన్నడిగితే చంద్రపూరే మేలైన బడి.

మొదటి పాఠం గేటు దగ్గరే ఉంది. ఈ ఊళ్లో కనిపించే పొగగొట్టాల్లో దేని షేరు కొనగలం? బొగ్గు గనుల సంస్థ డబ్ల్యూసీఎల్ షేరు దొరకదు, అది కోల్ ఇండియా చేతిలోని సంస్థ. 2,920 మెగావాట్ల థర్మల్ స్టేషన్ రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ మహాజెన్‌కోది, దానికీ షేరు లేదు. ఆవార్‌పూర్ సిమెంట్ ఫ్యాక్టరీ కట్టింది ఎల్ అండ్ టీ, ఇప్పుడది అల్ట్రాటెక్‌ది. గడ్చాందూర్‌లోని మాణిక్‌గఢ్ సిమెంట్ కూడా సెంచరీ నుంచి అల్ట్రాటెక్‌కే వెళ్లింది.

అసలు చిక్కు పేపర్ మిల్లుది. బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ అని పేరు చూసి షేరు కొన్నవాడు, మన ఊరి మిల్లే కదా అనుకునేవాడు. కానీ బల్లార్‌పూర్ మిల్లును బిల్ట్ గ్రాఫిక్ పేపర్ ప్రొడక్ట్స్ అనే అనుబంధ కంపెనీ కిందికి మార్చేశారు. మాతృసంస్థ కింద నేరుగా ఉన్నవాటిలో ఒకటి ములుగు జిల్లా కమలాపురంలోని రేయాన్ పల్ప్ ఫ్యాక్టరీ. అది 2014లో ఆగిపోయింది. 2020 జనవరిలో బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్‌పై దివాలా ప్రక్రియ మొదలైంది. మిల్లు సైరన్ విని షేరు విలువ కట్టకూడదని దీన్ని బట్టే తెలుస్తుంది. ఏ ఆస్తి ఏ కంపెనీలో ఉంది, ఏ అప్పు ఎవరి మెడకుందన్నది వార్షిక నివేదికలో రాసే ఉంటుంది. స్టాండలోన్ (కంపెనీ ఒక్కదాని) లెక్కలు, కన్సాలిడేటెడ్ (అనుబంధ కంపెనీలతో కలిపిన) లెక్కలు పక్కపక్కన పెట్టుకుంటే తేడా కళ్లకు కడుతుంది.

ఇదే రైలు మార్గంలో ఉన్న కాగజ్‌నగర్ సిర్పూర్ మిల్లూ 2014లోనే ఆగింది. 2018లో జేకే పేపర్ తీసుకుని మళ్లీ నడిపింది. ఊరికి ఊపిరొచ్చింది నిజమే. అయితే దివాలా ప్రక్రియలో అప్పిచ్చినవాళ్లది ముందు వరస, షేరుదారుది చివరి వరస. మిల్లు బతకడం వేరు, పాత షేరు బతకడం వేరు.

పని ఎలా మొదలుపెట్టాలి? ఒక్క కంపెనీని పట్టుకోండి, సిమెంటైతే సులువు. ఐదేళ్ల వార్షిక నివేదికలు బీఎస్‌ఈ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ముందు పేజీల్లో ఛైర్మన్ చిరునవ్వు ఉంటుంది, దాన్ని వదిలేసి వెనక నుంచి చదవండి: ఆడిటర్ అభ్యంతరాలు, కోర్టు కేసుల మీద రావచ్చనుకున్న భారం, సొంత బంధువుల కంపెనీలతో లావాదేవీలు. రేటింగ్ సంస్థలు అప్పుల గురించి రాసే వివరణలూ ఉచితమే, వాటిని ఎవరూ చదవరు. బెంజమిన్ గ్రాహం 1926లో చేసింది ఇదే. అమెరికాలో పైప్‌లైన్ కంపెనీలు ప్రభుత్వానికి ఇచ్చిన లెక్కలు తిరగేస్తే, నార్తర్న్ పైప్‌లైన్ షేరు 65 డాలర్ల దగ్గర ఉండగా, ఒక్కో షేరు వెనక 90 డాలర్లకు పైగా బాండ్లు, నగదు కనిపించాయి. షేర్ల విశ్లేషణ మీద ఆయన పెద్ద పుస్తకం వచ్చింది ఆ తర్వాతే, 1934లో.

చదివాక రెండు పేజీలు రాయండి. తేదీ వేయండి. ఏం జరిగితే మీ అంచనా తప్పవుతుందో కూడా అందులోనే రాయండి. చాలామంది ఎగ్గొట్టేది ఈ చివరి వాక్యాన్నే.

ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు ఒక హెచ్చరిక. రోడ్డు పక్కన టీ తాగుతూ సిమెంట్ లారీలు లెక్కపెట్టుకోండి, తప్పు లేదు. కానీ లోపల డిస్పాచ్ రిజిస్టర్ చూసి, ఇంకా ప్రకటించని అమ్మకాల లెక్కతో షేరు కొన్నా, బావమరిదికి చెప్పినా, అది మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015 నిబంధనల కింద ఇన్‌సైడర్ ట్రేడింగ్ అవుతుంది. మీరు పనిచేసే కంపెనీ షేరు జోలికే వెళ్లకండి. ఉద్యోగంలో ఉంటూ పక్కన రాసి సంపాదించాలంటే సర్వీసు నిబంధనలు ముందే చూసుకోండి.

డబ్బు తీసుకుని షేర్లు సూచించాలంటే 2014 నిబంధనల ప్రకారం సెబీ రిజిస్ట్రేషన్ కావాలి. సెక్యూరిటీల మార్కెట్ శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎమ్ నడిపే సిరీస్-15 పరీక్ష పాసవ్వాలి, అరవై శాతం రావాలి, తప్పు జవాబుకు మార్కు కోస్తారు. పాత అనుభవ నిబంధనను 2024 చివర్లో తీసేశారు కాబట్టి, కామర్స్ డిగ్రీ ఉన్న కుర్రాడికీ దారి తెరుచుకుంది. మీరు సూచించిన షేరును నివేదికకు ముప్ఫై రోజుల ముందు నుంచి ఐదు రోజుల తర్వాత వరకు మీరు కొనకూడదు, అమ్మకూడదు. టెలిగ్రామ్‌లో టిప్స్ అమ్మే దారిలో వెళ్లొద్దు. ‘బాప్ ఆఫ్ చార్ట్’ పేరుతో రిజిస్ట్రేషన్ లేకుండా షేర్ సలహాలు అమ్మినాయనను 17 కోట్ల రూపాయలకు పైగా డిపాజిట్ చేయమని సెబీ 2023లో ఆదేశించింది.

ఉద్యోగం కావాలంటే హైదరాబాద్, పుణె, ముంబయిల్లోని బ్రోకింగ్ సంస్థలకూ, క్రిసిల్, ఇక్రా, కేర్ లాంటి రేటింగ్ సంస్థలకూ దరఖాస్తు చేయండి. బయోడేటాతో పాటు మీ రెండు పేజీల నోట్ పంపండి, దాని వెనకున్న ఎక్సెల్ షీటూ జతచేయండి. కాస్త పని తెలిసిన మేనేజరైతే ముందు ఆ షీటే తెరుస్తాడు, ప్రతి గడిలో అంకె కింద సూత్రం ఉందా, చేత్తో కొట్టారా అని చూస్తాడు.