ముందు ఆ తాడు విప్పండి

సమస్య:

మాది గుంటూరు. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. మా అమ్మాయికి పదిహేడేళ్ళు, ఇంటర్ బైపీసీ. కరోనా వల్ల పరీక్షలు ఈ 2021 జూన్‌లో రద్దు చేశారు గానీ నీట్ సెప్టెంబర్ 12న ఉంది. పొద్దున ఎనిమిదింటికి ఆన్‌లైన్ క్లాసులకి ఫోన్ ముందు కూర్చుంటే ఒంటిగంటకి లేస్తుంది. మళ్ళీ రెండు నుంచి ఆరు, రాత్రి స్టడీ అవర్. ఫీజు మొత్తం కట్టేశాం. మే నెలలో ఇంటిల్లిపాదికీ కోవిడ్ వచ్చి, దేవుడి దయవల్ల ఇంట్లోనే తగ్గిపోయింది. అప్పటినుంచే పిల్ల మారిపోయింది. రాత్రి రెండింటిదాకా నిద్రపోదు. పగలు కెమెరా ఆపేసి మంచమెక్కుతుంది. తలనొప్పి అంటుంది. ఏడు కిలోలు పెరిగింది. నెలసరి తప్పుతోంది. ఏమన్నా అంటే ఏడుపు, లేదా కసురుకోవడం. ఇదివరకు పొద్దున్నే స్కిప్పింగ్ చేసేది. కింది వాటావాళ్ళు చప్పుడని గొడవపడితే మానిపించాం. ఆ తాడు బాల్కనీలో బట్టలారేసుకోడానికి పనికొచ్చింది. "నీట్ అయ్యాక ఎంతైనా ఎగురుదువుగాని" అని వాళ్ళ నాన్నగారు నచ్చజెప్పారు. మా వాడు ఈ ఏడే పదో తరగతి అయ్యాడు. సాయంత్రం మేడ మీద క్రికెట్ ఆడుకుంటాడు, వాడితో ఏ బాధా లేదు. అమ్మాయికి చదువు మీద మనసు నిలవాలంటే ఏం చెయ్యాలి? డాక్టరుకి చూపిస్తే రేపు సంబంధాలకి అడ్డమొస్తుందా?
- ఒక తల్లి

సలహా:

అమ్మా, కరోనా వచ్చిన ఈ ఏడాదిన్నరలో ఇలాంటి ఉత్తరాలు చాలా వచ్చాయి. మీదానికే జవాబు రాయడానికి కారణం ఆ తాడు. "పనికొచ్చింది" అన్నారు చూడండి, అక్కడ ఆగిపోయాను. ఆ పిల్ల పొద్దున లేచి బాల్కనీ తలుపు తియ్యగానే కళ్ళెదురుగా తన తాడు, దానిమీద ఇంటిల్లిపాది బట్టలు!

ముందు చెప్పక తప్పనివి చెప్పేస్తాను. నెలసరికి, తలనొప్పికి డాక్టరుకి చూపించండి. థైరాయిడ్, రక్తం, కళ్ళు పరీక్ష చేయించండి. రాత్రి ఫోన్ హాల్లో పెట్టించండి, మీ ఆయనదీ మీదీ కూడా అక్కడే పెట్టండి. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, చదువు ఊసెత్తకుండా, మనసులో ఏముందో అడగండి. బతకాలని లేదన్న మాట ఏ రూపంలో వచ్చినా ఒంటరిగా వదలొద్దు, ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. విద్యార్థుల కోసం కేంద్రం 2020 జూలైలో మొదలుపెట్టిన మనోదర్పణ్ హెల్ప్‌లైన్ నంబరు 8448440632. ఇక సంబంధాల సంగతి. నీట్ రాయబోయే పిల్లకి తలనొప్పి వస్తే మీకు పెళ్ళికొడుకు గుర్తొచ్చాడా? దీనికింతకంటే జవాబు రాయను.

ఇప్పుడు తాడు దగ్గరికొద్దాం. కింది వాటావాళ్ళకి కోపం రావడంలో తప్పు లేదు. అందరూ ఇంట్లోనే పడి ఉన్న రోజులు, నెత్తిమీద దబదబమంటే ఎవరికైనా చిరాకే. కానీ దానికి మందు మేడ మెట్లెక్కడం. మేడ ఉంది, మీ వాడు రోజూ ఎక్కుతూనే ఉన్నాడు. పిల్లని ఎందుకు పంపలేదో మీరు రాయలేదు. నేను చెప్పనా? పదిహేడేళ్ళ పిల్ల గెంతుతుంటే ఎదురు బిల్డింగువాళ్ళు చూస్తారని. వాడి బంతి ఎవరి కిటికీకో తగిలే ఉంటుంది. అందుకని వాడి బ్యాటు తీసుకెళ్ళి దుప్పట్లు ఉతికారా?

మన ఇళ్ళల్లో ఇది కొత్త కాదు. అట్లతద్దికి ఊళ్ళో ఉయ్యాలలు కట్టేవాళ్ళు, తొక్కుడుబిళ్ళ గీతలు గీయని వీధి ఉండేది కాదు. ఆడపిల్లలు ఒప్పులకుప్ప తిరిగి తిరిగి కళ్ళు తిరిగి పడేవాళ్ళు. పెద్దమనిషైన మర్నాటినుంచి అన్నీ బంద్. "ఈడొచ్చిన పిల్లవి, ఆ గెంతులేమిటి?" మా అమ్మ నన్నూ అంది. నలభై దాటాక డాక్టరు నడవమంటే, నడవడానికి సిగ్గుపడ్డదాన్ని నేను. ఆ సిగ్గు పుట్టుకతో రాలేదు, ఇంట్లో నేర్పింది. చదువుల పేరు చెప్పి ఇప్పుడు మగపిల్లలకీ నేర్పుతున్నాం అనుకోండి. మన లెక్కలో కూర్చుంటే చదివినట్టు, లేస్తే చెడినట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులో మరోసారి చెప్పింది: అయిదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒంటికి చెమట పట్టే పని ఉండాలని. మీ అమ్మాయి ఇంకా ఆ లెక్కలోనే ఉంది. ఎవరూ చెప్పకుండా తనంతట తాను తాడు పట్టుకుంది కూడా. పొద్దుటి ఎండ కంట్లో పడి, ఒళ్ళు అలిస్తే రాత్రి నిద్ర వేళకొస్తుంది. గది తలుపులేసుకుని పగలంతా మంచం మీదుంటే రెండింటికి కాక ఎప్పుడొస్తుంది నిద్ర?

"నీట్ అయ్యాక" అన్నారట మీవారు. నీట్ అయ్యాక కౌన్సెలింగ్, ఆ తర్వాత ఎంబీబీఎస్, పీజీ, పెళ్ళి. ఈ ఇంట్లో ఆ "అయ్యాక" ఎప్పటికీ రాదని పిల్లకి తెలుసు. ఆ ఏడుపు ఎందుకో ఇప్పుడైనా అర్థమైందా?

వైరస్ భయం ఉంటే, అది మూసిన గదిలో ఎక్కువ, ఆరుబయట తక్కువ. మేడ మీద ఎవరైనా ఉంటే ఎడంగా ఉండమనండి. అయితే కోవిడ్ వచ్చి తగ్గిన పిల్ల కాబట్టి ఒక్కసారిగా ఎగరనివ్వకండి. ఎలాగూ డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు, అడగండి. వారం పది రోజులు నడక, తర్వాత కొద్దికొద్దిగా తాడు. ఆయాసం, గుండెదడ, ఛాతీలో నొప్పి వస్తే వెంటనే ఆపాలి. మీరూ పక్కన నడవండి, పిల్ల సరేనంటేనే.

బట్టలకి వేరే తీగ కట్టుకోండి. ఆ తాడు పిడులు కోసేశారో ఉంచారో మీరు రాయలేదు. కోసేసి ఉంటే కొత్తది కొనండి, కొనేటప్పుడు పిల్లని వెంట తీసుకెళ్ళండి. తాడు మధ్యలో కాలేసి తొక్కి రెండు కొసలూ పైకి లాగితే పిడులు చంకల దాకా రావాలి. అంతకన్నా పొట్టిదైతే కాళ్ళకి తగులుకుంటుంది.