మచ్చల కుక్క - మెండెల్ లెక్క

బఠానీ మొక్కల మీద మెండెల్ చేసిన ప్రయోగాలను మనమంతా పదో తరగతిలో చదివాం. 3:1 నిష్పత్తి రాసి మార్కులూ తెచ్చుకున్నాం. అదే లెక్క ఒక కుక్క జాతికి ఎలా పనికొచ్చిందో ఇప్పుడు తెలుసుకుందాం.

తెల్లని ఒంటిపై నల్లమచ్చలుండే డాల్మేషియన్‌ను మనం సినిమాల్లో చూశాం. మిగతా కుక్కల్లో యూరిక్ ఆమ్లం కాలేయంలోకి వెళ్లి, నీటిలో తేలిగ్గా కరిగే అల్లంటాయిన్‌గా మారుతుంది. డాల్మేషియన్‌లో ఆ ఆమ్లాన్ని కణంలోకి చేరవేసే ప్రోటీన్ సరిగా పనిచేయదు. అందుకే అది మూత్రంలో ఎక్కువై కొన్నింటిలో రాళ్లు కడుతుంది. మగకుక్కల మూత్రనాళం సన్నగా ఉంటుంది. రాయి అడ్డుపడితే చుక్క మూత్రం రాక విలవిల్లాడతాయి. వెంటనే వైద్యం అందకపోతే ప్రాణమే పోతుంది.

ఇది అంతర్గత లక్షణం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ చెడు జన్యువులైతేనే బయటపడుతుంది. మరి మంచి జన్యువున్న జంటను ఎంచి కలిపితే సరిపోదా? చిక్కంతా అక్కడే ఉంది. అప్పటికి ఆ జాతి కుక్కలన్నింటిలోనూ రెండూ చెడ్డవే. లేనిదాన్ని ఇంట్లో ఎంత వెతికినా దొరకదు కదా!

1973లో అమెరికా జన్యుశాస్త్రవేత్త రాబర్ట్ షైబుల్ డాల్మేషియన్‌ను పాయింటర్ జాతి కుక్కతో కలిపారు. పిల్లలన్నింటికీ ఒక మంచి జన్యువు వచ్చింది. వాటిని మళ్లీ డాల్మేషియన్లతోనే కలుపుతూ, ప్రతి తరంలో మంచి జన్యువున్న పిల్లలనే ఎంచుతూ వచ్చారు. అవి సుమారు సగం ఉంటాయి. పాయింటర్ వాటా మాత్రం తరతరానికీ సగమవుతుంది. పదో తరానికి సగటున 1024లో ఒక వంతే! కాగితం తీసి లెక్క వేసి చూడండి.

1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ అలాంటి రెండు కుక్కలను నమోదు చేసుకుంది. డాల్మేషియన్ పెంపకందార్ల సంఘంలో అభ్యంతరాలు రావడంతో ఆపేసింది. మళ్లీ తలుపు తెరిచింది 2011లో. స్వచ్ఛమైన రక్తం అనే మాట వింటే మనలాంటి వాళ్లకు అనుమానం రావడం సహజం. ఇక్కడ దానికి మూల్యం చెల్లించినవి నోరులేని జీవాలు. లోపమున్న జన్యువును 2008లో గుర్తించారు. ఇప్పుడు పరీక్ష చేయించి పిల్లదశలోనే తెలుసుకోవచ్చు.

అయితే ఒక్క జన్యువు బాగుందని మురిసిపోకూడదు. ఈ జాతిలో పుట్టుచెవుడూ ఎక్కువే. దానికి వినికిడి పరీక్ష వేరే చేయించాలి. స్వభావం చూడాలి. దగ్గరి రక్తసంబంధమున్న జంటలను కలపకూడదు.

మనకు తెలిసినవారెవరైనా డాల్మేషియన్‌ను పెంచుతుంటే, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచమనీ, కార్జం పెట్టవద్దనీ చెబుదాం. మూత్రానికి ముక్కుతూ అవస్థపడుతుంటే మర్నాటిదాకా ఆగకుండా పశువైద్యశాలకు తీసుకెళ్లాలి.