కదంబంలో మరువం

కర్నూలు

చిరంజీవి పాపకు మీ పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

నువ్వు పంపిన సీసాను మీ మామ శుక్రవారం పొద్దున కడప బస్సు దిగి నేరుగా ఇంటికి తెచ్చిచ్చాడు. కంటిచుక్కల మందు సీసా అంత ఉంది. దూదిలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, పైన "పెద్దమ్మ ముక్కుకు మాత్రమే" అని రాసి ఉంది. ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పిన ముక్కుకు అంత మర్యాద దక్కినందుకు మీ పెద్దమ్మ పొంగిపోయింది. వంటింట్లో తిరగమోత వాసన తగ్గేదాకా ఆగి, పెరట్లో కడప బండ మీద కూర్చుని మూత తీసింది.

ముందు వచ్చింది పువ్వు కాదు, తొడిమ. చామంతి కాడను గోటితో గిల్లితే వచ్చే చేదు పచ్చివాసన. రెండు నిమిషాలయ్యాక దాని వెనక నుంచి మల్లె తొంగిచూసింది. అదీ విచ్చిన మల్లె కాదు. సాయంత్రం నాలుగింటప్పుడు పూలబుట్టలో తడిగుడ్డ కింద ఉండే గట్టిమొగ్గ. మీ పెద్దమ్మ మీ పెదనాన్నను కేకేసి పిలిచి, మన ఇంట్లో సెంటు చేసే మనిషి ఒకతె పుట్టిందని చెప్పింది. ఆయన వచ్చి మూచూసి, "చిక్కుడుకాయలు తుంచుతున్నారా?" అన్నాడు. అది కూడా మెప్పుకిందే లెక్క.

అరగంట తర్వాత కథ మారింది. పచ్చిదనం పోయి, మల్లె సన్నబడి, సీసాలో మిగిలిందంతా చక్కెరపాకం. ఐస్‌క్రీమ్ బండి దగ్గర వచ్చే వెనిలా. నీకు అక్కడ ధైర్యం చాలలేదు. పచ్చివాసన ఎవరికీ నచ్చదేమోనని తీపి కుమ్మరించావు. ఎమ్మెస్సీ అయిపోయింది, మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది, చేరాలా లేక సెంట్లు నేర్చుకోవాలా అని అడిగావు కదా. ఈ ఉత్తరమంతా ఆ అరగంట గురించే.

కడప పిల్లకు ముక్కు ఉండటంలో వింతేమీ లేదు. మీ కమలాపురం పక్కనున్న కోకటం ఊరిని కృష్ణదేవరాయలు అల్లసాని పెద్దనకు అగ్రహారంగా ఇచ్చాడు. ఆ పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయాల్లో దారి తప్పినప్పుడు, వరూధిని కంటపడకముందే ఒక గాలి వచ్చి అక్కడ ఆడమనిషి ఉందని చెబుతుంది. ఆ గాలిలో కవి వేసిన దినుసులు కస్తూరి, కర్పూరం, తమలపాకు. కర్పూరం ముందు తగిలి పోతుంది, తమలపాకు మధ్యలో నిలబడుతుంది, కస్తూరి చివరిదాకా ఉంటుంది. ఇప్పుడు సెంటు పరిశ్రమలో టాప్, హార్ట్, బేస్ అని మూడంతస్తులు చెబుతారే, ఆ మూడూ అయిదు వందల ఏళ్ల కిందటే ఒక పద్యంలో అమరి ఉన్నాయి. పెద్దనకు ఈ మాట చెబితే నవ్వేవాడేమో కానీ, ఆకువాసన విలువ తెలిసిన మనిషన్నది మాత్రం ఖాయం. చెన్నూరు తమలపాకు తోటల గాలి పీల్చే నీకు ఇది వేరే చెప్పాలా!

ఇక పచ్చివాసన సంగతి. ఈ వృత్తిలో ఆ మాట ఎత్తగానే గుర్తొచ్చే పేరు జర్మేన్ సెలియే. 1909లో ఫ్రాన్సులోని బోర్డో నగరంలో పుట్టింది. ప్యారిస్‌లో కెమిస్ట్రీ చదివి రూర్ బెర్ట్రాన్ అనే వాసనద్రవ్యాల కంపెనీలో చేరింది. అప్పట్లో అది పూర్తిగా మగవాళ్ల రాజ్యం. ఆమె మాట పడే మనిషి కాదు. తోటివాళ్లతో పొసగక చివరికి ఆమెకు వేరే ప్రయోగశాలే పెట్టాల్సి వచ్చింది. 1947లో పియేర్ బాల్మేన్ అనే దుస్తుల డిజైనర్ కోసం ఆమె కట్టిన సెంటు పేరు వాన్ వేర్. పచ్చగాలి అని అర్థం. మిగతావాళ్లు చుక్కల లెక్కన వాడే గాల్బనం అనే జిగురును ఆమె అందులో ఎనిమిది శాతం దాకా పోసిందని చెప్పుకుంటారు. రెండో ప్రపంచయుద్ధం ముగిసి రెండేళ్లయింది. బట్టల అలమరల్లో, పౌడరు డబ్బాల్లో మగ్గిన వాసనల మధ్య ఆ సీసా కిటికీ తెరిచినట్టు వచ్చింది. పూలు అందులో ఉన్నాయి, గులాబీ, మల్లె, లిల్లీ ఆఫ్ ద వ్యాలీ అన్నీ. కానీ అవన్నీ ఇంకా మొక్కకే ఉన్నట్టుంటాయి, కోసి కూజాలో పెట్టినట్టు ఉండవు.

గాల్బనం పేరు విని అదేదో పరాయి సరుకు అనుకోవద్దు. ఇరాన్ కొండల్లో ఫెరులా అనే మొక్క ఉంది. దాని కాండం అడుగున గాటు పెడితే కారే జిగురే అది. మన పోపుడబ్బాలోని ఇంగువ కూడా ఫెరులా జాతి నుంచి వచ్చేదే. అక్కాచెల్లెళ్ల బిడ్డలన్నమాట. ఇంగువ ఘాటుకు గంధకం కారణం. గాల్బనంలో పైరజీన్లనే పదార్థాలుంటాయి. పచ్చిమిరపకాయను, బెంగుళూరు మిరపకాయను చీల్చినప్పుడు ముక్కుకు తగిలేది కూడా పైరజీనే. మోతాదు చూస్తే లవలేశం, వాసన చూస్తే ఇల్లంతా. సెలియే ధైర్యమంతా అక్కడుంది. వంటింటిని తలపించే దాన్ని తీసుకెళ్లి ప్యారిస్ దొరసానుల మెడలకు పూసింది. మరుసటి ఏడాది, 1948లో, అదే మనిషి ఫ్రాకా అనే సెంటులో లిల్లీ పూలను, మన పెళ్లిదండల లిల్లీ పూలనే, వెన్నలాగా పొంగించింది. పచ్చివాసన తప్ప ఇంకేమీ రాదని ఎవరూ అనుకోకూడదని కాబోలు.

నీ సీసాలో ఆ పచ్చి ఎందుకు నిలవలేదో కెమిస్ట్రీ చదివినదానివి, నీకే తెలియాలి. ఆకు నలిగినప్పుడు దానిలోని కొవ్వులు ఎంజైముల చేతిలో తెగి ముందు హెక్సెనల్ అనే ఆల్డిహైడు, తర్వాత సిస్-3-హెక్సెనాల్ అనే ఆల్కహాలు పుడతాయి. కోసిన గడ్డి వాసన అంటే ఇదే. చిన్న అణువు, రెక్కలున్న అణువు, నిమిషాల్లో ఎగిరిపోతుంది. నువ్వు దాన్నొక్కదాన్నే నమ్ముకున్నావు. అది పోయాక చేతులు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీలో వెనిలా పోశావు. అక్కడ గాల్బనం గానీ, వయొలెట్ ఆకుల సారం గానీ, కాస్త వట్టివేరు గానీ ఉంటే పచ్చిదనం మెట్టు మెట్టుగా దిగేది. రేపటి నుంచి కాగితం పట్టీలు కోసుకో. ఒక్కోదాన్ని సెంటులో ముంచి, దాని మీద టైము రాసుకుని అయిదు నిమిషాలకు, అరగంటకు, నాలుగు గంటలకు, మర్నాడు పొద్దున చూడు. పుస్తకంలో "బాగుంది" అని మాత్రం రాయొద్దు. చిక్కుడుకాయ తుంచినట్టుంది, తడిసిన గోనెసంచిలా ఉంది, అని రాయి. మీ పెదనాన్నకు ఏ కోర్సూ చదవకుండానే ఆ విద్య వచ్చు.

కోర్సు అంటే గుర్తొచ్చింది. ఇక్కడ పాతబస్తీలో గుడి పక్కన పూలు కట్టే ముసలామె ఒకామె ఉంది. వయసు ఆమెకే తెలియదు. అరటినార నీళ్లలో నానబెట్టుకుని, కుడికాలి బొటనవేలికి ఒక కొస చుట్టుకుని కూర్చుంటుంది. రెండు మల్లెమొగ్గలు అటు, రెండు ఇటు, మీద కనకాంబరం, ఆపైన చిటికెడు మరువం, ముడి. మళ్లీ మల్లె. నాలుగైదు ముడులకొకసారి మరువం మాని దవనం రెమ్మ పెడుతుంది. చేతులకేసి చూడదు, బేరమాడుతూనే ఉంటుంది. మూర కొలిచి మోచేతి దగ్గర తెంపుతుంది. అదీ కదంబం. మీ పెద్దమ్మ ఒకరోజు మరువం ఇంకాస్త పెట్టమని అడిగింది. "ఎక్కువైతే పూలవాసన తినేస్తాదమ్మా, లేకుంటే మల్లె తలకెక్కి నొప్పి లేస్తాది" అంది.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మల్లెలో కమ్మటి బెంజైల్ అసిటేటుతో పాటు ఇండోల్ అనేదొకటి ఉంటుంది. విడిగా చూస్తే కలరా ఉండల వాసన, ఇంకా ఎక్కువైతే పశువుల కొట్టం. మూసిన గదిలో మల్లెలు బరువెక్కేది దానివల్లే. కనకాంబరానికి అసలు వాసనే లేదు, రంగు కోసమే వచ్చింది. ఇక మరువం ఆ బరువును కోసి గాలి ఆడేలా చేస్తుంది. మన జడల్లో తరతరాలుగా వేలాడిందంతా పచ్చిపూల సెంటే. ఎవరూ దానికి సీసా పట్టలేదు, అంతే తేడా. పైగా ఆ దవనం నూనెను ప్రపంచానికి ఇచ్చేది ముఖ్యంగా మన దక్షిణాదే. ప్యారిస్‌లో చుక్కల లెక్కన వాడేదాన్ని ఈ ముసలామె రెమ్మల లెక్కన వాడుతుంది. నాలుగు శుక్రవారాలు ఆమె పక్కన కూర్చో. ఫీజు కింద రెండు మూరలు కొను.

ఆకుసంపెంగ గుర్తుందా? అమ్మమ్మ ఇంట్లో బావి పక్కన తీగ. పూవూ ఆకూ ఒకే రంగు. పండిన పండ్లబుట్ట వాసన మాత్రం వాకిలిదాకా వచ్చేది, పువ్వు ఎక్కడుందో కనపడేది కాదు. పిల్లలంతా ఆకులు విడదీసి వెతికేవాళ్లు. పసుపుపచ్చగా మారాక ఎవరైనా కనిపెడతారు, పచ్చగా ఉండగా కనిపెట్టేది నువ్వొక్కదానివే. మీ పెద్దమ్మ నీ సీసాను నమ్మడానికి సగం కారణం అదే.

ఇప్పుడు నీ ప్రశ్న. ఉద్యోగంలో చేరు. ఇది పిరికి సలహా కాదు. సరుకులో ఏమేం కలిసి ఉన్నాయో విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం మీద చేయి తిరగడం ఈ వృత్తిలో సగం చదువు. మందుల కంపెనీ దాన్ని జీతమిచ్చి నేర్పుతుంది. కల్తీ పట్టుకోవడానికి ముక్కు ఒక్కటే చాలదు. పందొమ్మిదో శతాబ్దంలో మన దేశపు రోషాగడ్డి నూనె బొంబాయి నుంచి ఓడల్లో టర్కీకి పోయి, అక్కడ గులాబీ నూనెలో కలిసిపోయేది. రెండింటిలోనూ జెరానియాల్ ఉంటుంది కాబట్టి కొనేవాళ్లకు తెలిసేది కాదు. ఒక కిలో గులాబీ నూనెకు మూడు నాలుగు టన్నుల రేకులు కావాలంటే కల్తీకి ఎంత ఆశ పుడుతుందో ఊహించుకో. అంత దూరమెందుకు, మీ పెద్దమ్మే ఒకప్పుడు అసలైన గంధం నూనె అని ఒక అంగడిలో నెల జీతంలో పావువంతు పోసి కొంటే, వారానికల్లా అది ఉత్త పారఫిన్ అని తేలింది. దాన్ని కుట్టుమిషనుకు వేశాం. మిషను మాత్రం బాగా నడిచింది.

జీతం కూడబెట్టుకున్నాక అత్తర్ల ఊరు కన్నౌజ్ పో. అక్కడ కేంద్రప్రభుత్వం 1991లో పెట్టిన సుగంధ, రుచుల అభివృద్ధి కేంద్రం ఉంది. దాని తరగతుల కంటే ఊరి భట్టీలు ముందు చూడు. డేగు అనే రాగి పాత్రలో పూలూ నీళ్లూ పోసి, మూతను మట్టితో మెత్తి, వెదురు గొట్టం గుండా ఆవిరిని నీటితొట్టిలోని భప్కా అనే పాత్రలోకి దింపుతారు. భప్కాలో గంధం నూనె కాచుకుని ఉంటుంది. మంట ఎక్కువా తక్కువా అన్నది పనివాడు చేత్తో తాకి, చప్పుడు విని చెబుతాడు. ఫ్రాన్సులో వెర్సాయ్‌లో 1970 నుంచి పెద్ద బడి ఉంది. దాని ఫీజు సంగతి మీ నాన్నతో ఇప్పుడే ఎత్తొద్దు.

ఇంకొకటి. ఎవరి కంపెనీకి పనిచేసినా సీసా మీద నీ పేరు అడుగు. చాలాకాలం సెంటు చేసినవాళ్ల పేరు బయటికి వచ్చేదే కాదు. వాన్ వేర్ అంటే బాల్మేన్ పేరే వినపడింది, సెలియే పేరు ఆమె పోయాక గానీ పదిమందికీ తెలియలేదు. 2000లో ఫ్రెడెరిక్ మాల్ అనే ఆయన పుస్తకం అట్ట మీద రచయిత పేరు వేసినట్టు సీసా మీద సెంటు చేసిన మనిషి పేరు వేయడం మొదలుపెట్టాడు. అంతకుముందే 1994లో, ఇంకా ముప్పై నిండని ఒలివియా జకోబెట్టి అంజూరపు ఆకు వాసనతో ప్రెమియే ఫిగియే చేసింది. పండు కాదు, ఆకు, పాలుకారే కొమ్మ. ఆ ఒక్క పచ్చి సీసాతోనే ఆ అమ్మాయి ఎవరని జనం ఆరా తీశారు. రాయలసీమలో అంజూరపు తోటలున్నాయి, ఆకు తెంపి నలిపి చూడు, నీకే అర్థమవుతుంది.

నీ రెండో సీసా కోసం పెద్దమ్మ ఇచ్చే పని ఒకటుంది. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. తొలకరికి ఎండిన మట్టి ఇచ్చే వాసనకు 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు, ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్, పెట్రికోర్ అని పేరు పెట్టారు. కన్నౌజ్ వాళ్లు అంతకుముందు నుంచే కాల్చిన మట్టిపెళ్లలను డేగులో వేసి మిట్టీ అత్తరు తీస్తున్నారు. ఆ మట్టి మీద కర్నూలు నల్లరేగడిలో మొలిచే మొదటి గడ్డి వాసన వేయగలవా? వెనిలా లేకుండా.

నీ మొదటి సీసాలో ఇంకో పది చుక్కలున్నాయి. మూత బిగించి ఫ్రిజ్‌లో పచ్చిమిరపకాయల పక్కన పెట్టింది మీ పెద్దమ్మ. మల్లెల కాలం అయిపోకముందే రా. వచ్చేటప్పుడు చెన్నూరు తమలపాకులు ఒక కట్ట పట్టుకురా, మీ పెదనాన్న రోజూ అడుగుతున్నాడు.

ఇట్లు,
మీ పెద్దమ్మ